బూడిద రంగు ఎర్రావు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేమీ కావు, చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఫోటోగ్రాఫర్ అయిపోవడం అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, బాగేపల్లిలాంటి ఊళ్ళలో స్టూడియో అంటే ఇంకా కొంచెం మర్యాద మిగిలి ఉండేది. ఆ మర్యాద చూసే నేను చింతామణిలో మా నాన్న కిరాణా అంగట్లో కూర్చోనని మొండికేసి, బాగేపల్లిలో ఒక స్టూడియోలో చేరాను. మా యజమానిని అందరూ ఫ్లాష్ అన్న అనేవారు. మాటకొకసారి కళ్ళు గట్టిగా మూసి తెరిచేవాడు, అందుకని. మంచి మనిషి. చేరిన ఆరు నెలలకే నన్ను బెంగళూరులో రెండు రోజుల క్లాసుకు పంపించాడు. ఫోటోల రంగులను కంప్యూటర్లో ఎలా సవరించాలి, తెర మీద కనిపించిన రంగే కాగితం మీద రావాలంటే ఏం చెయ్యాలి అన్నది పాఠం. మొదటి రోజంతా శ్రద్ధగా విని నోటు పుస్తకం నింపాను. రెండో రోజు మధ్యాహ్నం, భోజనం చాలా బాగుండటం వల్ల, కాస్త నిద్రపోయాను. (ప్రింటు గురించి చెప్పింది ఆ మధ్యాహ్నమే.)

తిరిగి వచ్చాక నా నోట్లో ‘కలర్ స్పేస్’ అన్న మాట తప్ప మరో మాట లేదు. నాకు అర్థమైనంతలో కలర్ స్పేస్ అంటే రంగులు పోసిపెట్టుకునే డబ్బా. చిన్న డబ్బాలు ఉన్నాయి, పెద్ద డబ్బాలు ఉన్నాయి. పెద్ద దాంట్లో ఎక్కువ రంగులు పడతాయి. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడైనా చిన్న డబ్బా పట్టుకుంటాడా? స్టూడియో కంప్యూటర్లో దొరికిన అన్నిటికన్నా పెద్ద కలర్ స్పేస్ పెట్టేసి, “ఇన్నాళ్ళూ మనం రంగులన్నీ పారబోసుకున్నామన్నా” అన్నాను. “అట్లనా?” అని ఫ్లాష్ అన్న రెండుసార్లు కళ్ళు ఆర్పి, పెళ్ళిళ్ళ పని మీద చింతామణికి వెళ్ళిపోయాడు. స్టూడియో నా చేతికొచ్చింది.

ఆ వారమే మిట్టేమరి నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. శిడ్లఘట్టలో కొన్నదట, ఎర్రంచు చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని ఉంది. గోడకు తగిలించే పెద్ద పటం కావాలంది. “కూర్చోండమ్మా, తీసేద్దాం” అన్నాను.

“ఈడ కాదప్పా. నువ్వే మా ఊరికి రావల్ల. అది బస్సెక్కదు కదా.”

“ఎవరమ్మా?”

“మా ఎర్రావు. కూతురి పెండ్లికి ఇంత లావు ఆల్బం చేపిస్తిమి. ఆ పాప ఆల్బం ఎత్తుకొని అత్తగారింటికి పాయె. నాతో ఉండేది ఇదొక్కటే. దీనికి ఒక పటమన్నా లేకపోతే ఎట్ల?”

వెళ్ళాను. సాయంత్రపు ఎండలో ఆవునూ ఆమెనూ పక్కపక్కన నిలబెట్టి తీశాను. నుదుటి మీద చుక్కయినా లేని ఆవు, ఒళ్ళంతా ఒకటే ఎరుపు, అప్పుడే దున్నిన మిట్టనేల లాగా. స్టూడియోకొచ్చి నా పెద్ద డబ్బాలో వేసి సవరిస్తే తెర మీద ఆ ఎరుపు ధగధగలాడింది. ఫైలు చిక్కబళ్ళాపురంలోని ప్రింటింగ్ ల్యాబుకు పంపించి, మూడు రోజులు నన్ను నేను మెచ్చుకుంటూ గడిపాను. నాలుగో రోజు పటం వచ్చింది. విప్పి చూస్తే ఆవు బూడిదలో పొర్లి లేచినట్లుంది. చిలకపచ్చ చీర ఎండిన ఆకయింది. ఆమె ముఖం నెలరోజులు జ్వరంతో పడుండి లేచినట్లుంది. నేనింకా తేరుకోకముందే ఆమె స్టూడియో మెట్లెక్కింది.

“ఏందప్పా, నా ఆవుకు ఏమన్నా అయిందా?”

తెలియదు అని ఒక్క మాట అని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, పైగా బెంగళూరులో క్లాసుకు పోయొచ్చినవాణ్ణి. “అమ్మా, ఇది పెద్ద కలర్ స్పేసులో చేసింది. మన కళ్ళు మామూలు రంగులకు అలవాటు పడిపోయినాయి. ఆవు అసలు రంగు ఇదే” అన్నాను.

“అసలు రంగు ఇదా? మరి దినామూ నేను చూసేది?”

“అది కంటికి కనిపించే రంగమ్మా.” (ఈ మాట నేనే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.)

ఆమె పటాన్ని చూసింది, నన్ను చూసింది. “చదువుకున్నోడివి, నువ్వే చెప్తాండావు” అని నిట్టూర్చి, దాన్ని కొంగుతో కప్పుకుని తీసుకుపోయింది.

రెండు నెలల తర్వాత అదే పటం, అదే కొంగు కింద మళ్ళీ వచ్చింది. ఈసారి ఫ్లాష్ అన్న కూడా ఉన్నాడు. జరిగింది ఇదీ. పేరేసంద్ర దగ్గర కూతురి ఊళ్ళో మనవడికి పాలు అవసరమై ఆమె ఆవును అక్కడ కట్టి వచ్చింది. రెండో రోజే అది గూటం పెరుక్కుని పెద్దరోడ్డు పట్టింది. రోడ్డు పక్క టీ అంగడి పెద్దాయన, లారీల కింద పడుతుందేమోనని పట్టి తన దొడ్లో కట్టేశాడు. దొంగ కాదు, అతి జాగ్రత్త మనిషి. అప్పటికే ఇద్దరు వచ్చి మాదంటే మాదన్నారట. అందుకని ఆమెనూ దాఖలె అడిగాడు, ఆవు నీదనడానికి రుజువేదీ అని. (చెవికి బిళ్ళ వేయించి ఉంటే ఇంత రచ్చ లేదు. చెవి నొస్తుందని ఆమె వేయించలేదు.) కూతురింటివాళ్ళు సాక్ష్యం చెబితే, సొంతవాళ్ళ మాట చెల్లదన్నాడు. ఆమెకు పటం గుర్తొచ్చి ఎంతో ధైర్యంగా పట్టుకుపోయింది.

“ఈ పటంలో ఉండేది బూడిదావు, నా దగ్గర ఉండేది ఎర్రావు, పోయి నీ ఆవును ఎతుక్కో తల్లీ అనె ఆయప్ప. కంటికి కనిపించేది వేరేనంట, అసలు రంగు ఇదేనంట అని నువ్వు చెప్పిందే నేనూ చెప్తి. ఆడుండేవాళ్ళంతా నన్ను చూసి నగిరి.” అని ఆమె పటాన్ని బల్ల మీద పెట్టింది.

ఫ్లాష్ అన్న నన్ను చూసి కళ్ళు మూశాడు. చాలాసేపు తెరవలేదు.

ల్యాబుకు ఫోన్ చేశాను. “మా మిషన్‌కు ఒకటే కలర్ స్పేస్ తెలుసు సార్, ఎస్‌ఆర్‌జీబీ, చిన్నది. మీరు ఏ స్పేసులో పంపినా ఆ చిన్నదే అనుకుని చదువుకుంటుంది” అన్నారు. ఆదివారం ఇంటికి రాలేనని నాన్నకు చెప్పడానికి ఫోన్ చేస్తే, ఎందుకని అడిగాడు, చెప్పక తప్పలేదు. రంగులన్నీ కంప్యూటరుకు అంకెలే నాన్నా, ఏ డబ్బాతో కొలిచిన అంకె అన్నది ముఖ్యం అన్నాను. నాన్న వెంటనే, “అంటే చీటీలో మూడు డబ్బాలని రాసి పంపితివి. నువ్వనుకొనింది పెద్ద డబ్బా. వాళ్ళు చిన్న డబ్బాతో మూడు పోసి పంపినారు” అన్నాడు. “పెద్ద డబ్బా అని చీటీలోనే ఉంది నాన్నా, వాళ్ళ మిషన్ చదవలేదు.” “చదవలేనోళ్ళకు పంపేటప్పుడు వాళ్ళ డబ్బాతోనే కొలిచి రాయల్ల కదరా” అన్నాడు. నేను నిద్రపోయిన ఆ మధ్యాహ్నం చెప్పిన పాఠం మొత్తం అంతే.

ఫైలును చిన్న స్పేసులోకి మార్చి, మళ్ళీ ప్రింటు వేయించాను. ఎర్రావు ఎర్రగా వచ్చింది. మరుసటి రోజు రెండు పటాలూ తీసుకుని, ఆమెతో కలిసి పేరేసంద్రకు పోయాను. గెలిచేశాననే అనుకున్నాను. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని కొత్త పటం చూశాడు.

“మొన్న బూడిద, ఈపొద్దు ఎరుపు. రేపు రా అంటే పచ్చగా చేసుకొస్తావేమప్పా?”

నేను కలర్ స్పేస్ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. టీ తాగుతున్నవాళ్ళంతా చుట్టూ చేరారు. “పెద్ద డబ్బాలో ఏస్తే రంగు తగ్గిపోతాదా?” అని ఒక లారీ డ్రైవరు అడిగాడు. అందరూ నవ్వారు. కొమ్ములు చూడండి అన్నాను. “ఈ మాదిరి కొమ్ములు ఈ రోడ్డులో నూరు చూపిస్తా” అన్నాడు పెద్దాయన. “కంప్యూటర్లో మీరు ఏమైనా చేస్తారు. నడు, ఠాణెకు పోదాం. ఆ కథ పోలీసోళ్ళకు చెప్పు.” ఆవైనా పలుకుతుందేమోనని ఆశగా చూశాను. అది ఆమె చెయ్యి నాకింది. తర్వాత నా చెయ్యి నాకింది. తర్వాత లారీ డ్రైవరు చెయ్యి కూడా అంతే ప్రేమగా నాకింది.

అంతసేపూ గ్లాసులు కడుగుతూ ఉన్న పెద్దాయన భార్య చేతులు తుడుచుకుని వచ్చి పాత పటం తీసుకుంది. “అమ్మా, నువ్వు ఇప్పుడు కట్టుకొనుండేది ఈ చీరే కదా?”

“అవును. యాడికన్నా పోవాలంటే ఇదే.”

పెద్దాయన భార్య ఆమె కొంగు అందుకుని పటం పక్కన పరిచింది. అంచు మీద నేసిన మామిడి పిందెలు లెక్కపెట్టింది. కొంగు చివర చిరిగి కుట్టుకున్న చోటు పటంలో వెతికి, వేలు పెట్టి చూపించింది. “చీర ఇదే. చూడు, పటంలో దీని రంగు ఎట్ల చచ్చిపోయుండాదో. చీర రంగు చచ్చిపోతే, పక్కన నిలబడిన ఆవు రంగు మాత్రం బతికుంటాదా?” తర్వాత కొత్త పటం మీద కొంగు పరిచింది. పచ్చకు పచ్చ, ఎరుపుకు ఎరుపు అతికినట్లు కలిసిపోయాయి. “దీంట్లో చీర సరిపోయె. అంటే ఆవూ సరిపోయినట్లే. పాపం, తాడిప్పియ్యి” అంది మొగుడితో.

పెద్దాయన కొత్త పటాన్నీ, చీరనూ, ఆవునూ మూడుసార్లు చూశాడు. “అబ్బ!” అని కళ్ళద్దాలు తీసి బెంచీ మీద కూలబడ్డాడు. “తప్పు మనిషికి ఇచ్చేస్తానేమో అని పది దినాలుగా నాకు ముద్ద దిగలేదమ్మా. తీసుకుపో తల్లీ” అని తానే తాడు విప్పి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆవు మెడ మీద తల ఆనించి నిలబడిపోయింది. నేను అంగడి వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా గట్టిగా ఊపిరి వదిలాను. (ఫోటోలో రంగు తెలిసిన వస్తువొకటి పెట్టి, దాంతో ప్రింటును సరిచూసుకోవాలని మొదటి రోజు క్లాసులోనే చెప్పారు. నా నోటు పుస్తకంలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఉంది.)

గూడ్సు ఆటోలో ఆవును ఎక్కించి, వెనక నేనూ ఆమే కూర్చున్నాం. పేరేసంద్ర దాటాక ఆమె అంది, “తెలీదని ఆ పొద్దే చెప్పింటే, ఈ రెండో పటం ఆ పొద్దే వచ్చుండు కదప్పా.”

“అవునమ్మా” అన్నాను. దాని వెనక మరో వాక్యం చేర్చకుండా ‘అవును’ అనడం నాకదే మొదటిసారి. ఆ బూడిద పటం ఇచ్చెయ్యమ్మా, చించేస్తాను అని అడిగాను. ఆమె ఇవ్వలేదు. “ఉండనీలే. మోడం పట్టి ఎండ లేనిపొద్దు ఇది ఇట్లే కనపడతాది” అంది.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో నాకొక చిన్న స్టూడియో ఉంది. రంగు సరిగ్గా వస్తుందా అని ఎవరైనా అడిగితే, ముందు ఒక చిన్న ముక్క ప్రింటు వేయించి చూద్దామండీ అంటాను. అది విని కొందరికి నా మీద నమ్మకం తగ్గుతుంది కూడా. అంత ధీమాగా మాట్లాడే విద్య నాకు ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రవాడు ఈరోజు నా స్టూడియోకు పని అడగడానికి వస్తే తీసుకోను. కానీ వెంటనే పంపించెయ్యను కూడా. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, కలర్ స్పేస్ అంటే ఏమిటప్పా అని అడిగి, ఆపకుండా చెప్పనిస్తాను.