దివాణం లక్క, కారు సైలెన్సరు

అరవయ్యవ దశకం మొదట్లో మాట. మా దివాణంలో మిగిలింది తాతగారి పాత కారొక్కటే. చెల్లెలి సంబంధం మాట్లాడడానికి హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లాలి. మా వంశంవాళ్లు పెళ్లిమాటలకు బస్సు దిగి వెళ్లడమా? కారులోనే వెళతానన్నాను.

దాని సైలెన్సరు బోల్టులు ఎన్నిసార్లు బిగించినా వదులయ్యేవి. మెకానిక్కు మస్తాన్ లైట్ల స్క్రూలకు లక్క పూస్తే అవి కదలకుండా నిలిచాయి. సైలెన్సరుకూ అదే పూయమన్నాను.

"ఈడ వేడి ఎక్కువ దొరా, లక్క కరిగిపోతాది. నట్టు మీద ఇంకో నట్టు వేసి బిగియాల."

నాకు చెప్పేవాడా అనిపించింది. పత్రాలకు ముద్ర వేసే దివాణం లక్కనే కరిగించి, స్వయంగా పూశాను.

పెనుకొండ బజారులో సైలెన్సరు ఊడి పడింది. కారు ఫిరంగిలా పేలుతుంటే జనం మూగారు.

"ఏమప్పా, యాడికి యుద్ధానికి పోతాండావు?" అన్నాడొకడు, అదీ ఏకవచనంలో!

సైలెన్సరును పట్టు కండువాతో పట్టుకుని వెనక సీట్లో పడేసి, ఆ మోతతోనే ధర్మవరం చేరాను. పెళ్లికొడుకు తండ్రి చెవులు మూసుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు.

సంబంధం కుదిరింది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: "పెండ్లికి మాత్రం బస్సులో రాండి నాయనా."

దానికన్నా నన్ను మండించింది మస్తానే. మర్నాడు ఒక్క మాటా అనకుండా రెండో నట్టు బిగించాడు. అది మళ్లీ వదులు కాలేదు.