ఐదు తర్వాత ఒకటి

మా కాలంలో చదువుకు రెండు దారులుండేవి. ఆ సంగతి తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు. ఇన్నేళ్ళయినా నాకు దాని మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఐదో తరగతి వరకు అందరిదీ ఒకటే బడి. ఆ తర్వాత ఎలిమెంటరీ బడిలోనే ఆరు, ఏడు, ఎనిమిది చదువుకోవచ్చు. లేదంటే హైస్కూల్లో ఫస్టు ఫారంలో చేరి, సిక్స్తు ఫారం దాటి కాలేజీకి పోవచ్చు. ఫారాల్లో ఇంగ్లీషు ఉండేది, మా ఎనిమిదిలో లేదు. ఇంగ్లీషు లేనివాడికి కాలేజీ లేదు. ఇంత చిన్న సంగతి ధర్మవరంలో మా మగ్గాల వీధికి ఎవరూ చెప్పలేదు. హైస్కూలు గడప తొక్కినవాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

ఐదు పాసయ్యేసరికి నాకు కాలేజీ పిచ్చి పట్టింది. నాయనకు చెబితే సరేనన్నాడు. ఆయనకు చదువు రాదు గాని, నన్ను ఏనాడూ మగ్గం గుంటలో కూర్చోమనలేదు. హైస్కూల్లో ముందు ఫస్టు ఫారంలో చేరాలని ఎక్కడో విని, అదేమిటని వీధిలో నలుగురినీ అడిగాడు. ఫస్టు అంటే ఒకటి అన్నారు. ఐదు చదివినవాణ్ణి మళ్ళీ ఒకటిలో కూర్చోబెట్టడం ఆయనకు మింగుడుపడలేదు.

"పడుగు సగం నేసినాక కోసి పారేసి, మళ్లా కొత్తది ఎక్కిస్తామా? ఐదు అయినోడు ఆరుకు పోవల్ల" అన్నాడు.

మగ్గం మనిషికి అంతకంటే న్యాయమైన ఆలోచన రాదు. నేనూ నమ్మాను.

ఆ వారమే మా ఎలిమెంటరీ బడి అయ్యవారు ఇంటికి వచ్చాడు. బడి ఆయనదే. పిల్లలు తగ్గితే సర్కారు గ్రాంటు తగ్గుతుంది, పై తరగతులు మూతపడతాయి. నాయన ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఎనిమిది అయినాక పిల్లోడు కాలేజీ దిక్కు పోతాడా అని అడిగాడు. పోకుండా యాడికి పోతాడప్పా అన్నాడు ఆ పెద్దమనిషి. మా అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి లేచిపోయాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనిమిదో తరగతి సర్కారు పరీక్షలో మా బడికంతా నేనే మొదటివాణ్ణి. హిందూపురంలో మేనమామ ఇంట్లో ఉండి ఫోర్తు ఫారం చదవాలని, నాయనా నేనూ రైలెక్కాం. నాయన పెళ్ళినాటి కండువా వేసుకున్నాడు.

హైస్కూలు హెడ్మాస్టరు నా సర్టిఫికెట్టు చూసి మర్యాదగానే చెప్పాడు. ఫోర్తు ఫారానికి మూడేళ్ళ ఇంగ్లీషు కావాలి, నాకు అక్షరాలు కూడా రావు. ఫస్టు ఫారంలో పసిపిల్లల పక్కన ఇంత వయసువాణ్ణి కూర్చోబెట్టలేడు. ఎనిమిది పాసైనవాడికి మిగిలింది ఒక్కటే, ట్రైనింగై ఎలిమెంటరీ బడిలో పంతులు కావడం.

"ఒకటి కంటే ఎనిమిది పెద్దది గదా సామీ?" అన్నాడు నాయన.

పక్కనున్న గుమాస్తా నవ్వాడు. అతనెందుకు నవ్వుతున్నాడో తెలియక, నాయన కూడా కొంచెం నవ్వాడు.

బయటికి వస్తుంటే వరండాలో మా అయ్యవారి కొడుకు ఎదురయ్యాడు. ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడే, తర్వాత మా ఊళ్ళో కనబడలేదు. ఐదు కాగానే వాళ్ళ నాయన వాణ్ణి ఇక్కడ ఫస్టు ఫారంలో చేర్చాడట. ఇప్పుడు ఫోర్తు ఫారం. ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకుని, నువ్వూ చేరుతున్నావా అని అడిగాడు.

ఏ దారి ఎక్కడికి పోతుందో అయ్యవారికి తెలుసు. మద్రాసు సర్కారులో కూర్చుని ఆ దారులు వేసినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. వాళ్ళెవరూ తమ పిల్లలను ఎనిమిదో తరగతికి పంపలేదు. కాలేజీ మొహం నేను చూడనేలేదు. పంతుల్నే అయ్యాను.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. నాయన కిటికీలోంచి కొండ వైపు చూస్తూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"నాకు తెలీక నేనే నిన్ను చెడగొట్టినా. ఏమనుకోవాకప్పా."

అయ్యవారు ఆ మాట అనలేదు. మద్రాసువాళ్ళు అనలేదు. వాళ్ళందరి తరఫున మా నాయన అన్నాడు.