కొండవ్వ నాడె

నాకు కుక్కలంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇది చదివాక నన్ను జంతుప్రేమికుల్లో కలిపేస్తారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే రెండుసార్లు కుక్క కరిచింది. రెండుసార్లూ అదే పిక్క. అలాంటివాణ్ణి ఒక కుక్క గురించి రాయాల్సి వచ్చిందంటే తప్పంతా కొండవ్వది.

నేను రిటైరైన రెండో ఏడు నా కిడ్నీలు కూడా రిటైరయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికి సిద్దిపేటలోని డయాలసిస్ సెంటరుకు పోవాలి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. నాది నాలుగో బెడ్డు, కొండవ్వది కిటికీ పక్కనున్న ఐదోది. మొదటి రోజు గొట్టాల్లో తిరుగుతున్న నా రక్తం చూసి నాకు చెమటలు పట్టాయి. పక్క బెడ్డు మీంచి ఒక సన్నటి, నల్లటి మనిషి నా వైపు తిరిగింది.

“ఏంది సారు, గట్ల సూస్తున్నవ్? నీ నెత్తురే గది, యాడికీ పోదు. సుట్టు తిరిగి మల్ల నీ దగ్గరికే వస్తది, నీ బస్సు లెక్క.”

నేను కండక్టరునని అప్పటికే ఎవరినో అడిగి తెలుసుకుంది. కొండవ్వ పరిచయం చేసుకోదు, అవతలివాడి చరిత్ర బయటికి లాగుతుంది.

ఆమె చరిత్ర కూడా నాకు అక్కడే, పడుకునే తెలిసింది. గుంట మగ్గం మీద చీరలు నేసే మనిషి. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నలభై ఏళ్లుగా నేస్తోంది. భర్త దత్తాత్రి మూడేళ్ల కింద గుండె ఆగి పోయాడు. అదే ఏడు ఈమె కిడ్నీలు పోయాయి. రెండు వారాలు మిషను దగ్గరకు వచ్చి, మూడో వారం మానేసింది. కూతురు సుచిత్ర ఊళ్లోనే ఒక బడిలో టీచరు. ఎంత బతిమాలినా ఈమె కదల్లేదట. ఎవరి కోసం పోవాలని ఎదురు ప్రశ్న వేసిందట.

ఆ వారమే వానకు ఒక కుక్కపిల్ల తలుపు సందులోంచి దూరి, మగ్గం గుంటలో పడింది. కళ్లు సరిగా తెరవని పిల్ల. ఈమె దానికి నాలుగు రోజులు దూదితో పాలు పట్టింది. నాలుగో రోజుకు ఈమె ఒళ్లంతా నీరు చేరింది, ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది.

“గప్పుడు అనుకున్న సారు. నేను పోతే దీనికి గిన్నె ఎవరు పెడతరు? గంతే. సుచిత్రకు ఫోన్ జేసి ఆటో తెమ్మన్న.”

బస్సు తప్పిపోయి తర్వాతి బస్సెక్కిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

కుక్కకు నాడె అని పేరు పెట్టింది. నాడె అంటే మగ్గం మీద దారం మోసుకుని ఈ కొసనుంచి ఆ కొసకు పరిగెత్తే చెక్క పనిముట్టు. కుక్కపిల్ల కూడా మగ్గం పక్కన అలాగే అటూ ఇటూ ఉరికేదట, రంగు కూడా చెక్క రంగే. గల్లీలో అందరూ దాన్ని ఎర్రకుక్క అంటారు. నాడె అని పిలిచేది కొండవ్వ ఒక్కతే, అదీ ఎక్కువగా నోటితో కాదు. అన్నం వేళకు ఖాళీ నాడెతో మగ్గం గుంజ మీద టక్కు టక్కుమని రెండు దెబ్బలు కొడుతుంది. ఆ చప్పుడుకు కుక్క వచ్చి గిన్నె దగ్గర ఉంటుంది.

డాక్టరు ఒకసారి గట్టిగానే చెప్పాడు. సూదులు గుచ్చే ఎడమ చెయ్యి దగ్గరకు కుక్కను రానివ్వొద్దు, ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికి వస్తుందని. కొండవ్వ వాదించలేదు. నెల రోజులు పట్టుకుని దానికి కుడి పక్కనే కూర్చోవడం నేర్పింది. ఇప్పుడు ఎడమ వైపు పిలిచినా వెనక నుంచి చుట్టి కుడి వైపుకే వస్తుంది. మా డిపోలో కొందరు డ్రైవర్లకు పదేళ్లయినా అంత క్రమశిక్షణ రాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా రోగానికి సూదుల కంటే పెద్ద శిక్ష దాహం. రోజుకు మూడు చిన్న గ్లాసుల నీళ్లే తాగాలి, అందులోనే చాయ, చారు అన్నీ. ఎండాకాలం నాలుక పలకలా ఎండిపోతుంది. నేను కుళాయి వైపు చూడకుండా తిరుగుతాను. కొండవ్వ పద్ధతి వేరు. దాహం తట్టుకోలేనప్పుడు నాడె గిన్నె నిండా నీళ్లు పోసి పక్కన కూర్చుంటుంది. అది లపలపా తాగుతుంటే వింటుంది.

“తాగు బిడ్డా, నా వంతు కూడ నువ్వే తాగు అంట నేను. దాని గొంతుల పోతుంటే నా గొంతు సల్లవడతది.”

పిచ్చి మాట అనుకున్నాను. ఆమెకు చెప్పాను కూడా. నీకు తెల్వదు ఊకో అంది.

మిషను రోజుల్లో నాడె ఆటో వెంట సెంటరు దాకా ఉరికి వచ్చేది. గేటు పక్కన నాలుగు గంటలు పడుకునేది. ఎవరినీ ఏమనేది కాదు. ఒకసారి ఎవరో పేపరతను వచ్చి, మీ కుక్క ఎప్పుడైనా మీ ప్రాణం కాపాడిందా అని అడిగాడు. లేదంది కొండవ్వ. దొంగను పట్టిందా? లేదు. మరి ఏం చేస్తుందని అడిగాడు. “కూసుంటది” అంది. అతను ఫొటో కూడా తీయకుండా వెళ్లిపోయాడు.

పోయిన కార్తీకంలో ఒక బుధవారం తొమ్మిదిన్నరకు గేటు దగ్గర కుక్క అరుపు వినిపించింది. ఆ వెంటనే కీచుమని ఏడుపు. దవాఖానల దగ్గర వీధి కుక్కలు ఉండకూడదని పైనుంచి ఆర్డరు వచ్చిందట, ఇద్దరు మనుషులు వల వేసి పట్టారు. కొండవ్వ కిటికీలోంచి మొత్తం చూసింది. లేవబోయింది. గొట్టం గుంజుకుపోయి మిషను కుయ్యో మొర్రోమంది. టెక్నీషియన్ ముస్తఫా ఉరికొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

“సూదులు తియ్యి ముస్తఫా. లేకుంటే నేనే తీస్కుంట.”

“ఊకో అవ్వా, ఇంక గంటన్నర ఉన్నది. ఇప్పుడు లేస్తే గేటు కాడనే పడిపోతవ్.”

కుడి చేత్తో ఫోను తీసి సుచిత్రకు కొట్టింది. బడి వేళ, ఎత్తలేదు. పక్కింటి దుబ్బయ్యకు కొట్టింది. దుబ్బయ్య డెబ్బై ఏళ్ల నేతగాడు, మగ్గాల చప్పుడుకు సగం చెవుడు. ఇక్కడ మిషను ఆగకుండా కూస్తోంది. కొండవ్వ గొంతు చించుకుంది.

“దుబ్బన్నా! నాడె పోతున్నది! నాడె! జల్ది రాండ్రి!”

వీధిలో కుక్కల బండి తలుపు ధడేలుమంది. ఫోను కట్టయింది.

నలభై నిమిషాలకు సెంటరు ముందు రెండు ఆటోలు ఆగాయి. తొమ్మిది మంది దిగారు. ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. వాచ్‌మన్ అడ్డుపడినా ఆగకుండా దుబ్బయ్య లోపలికి వచ్చాడు. అతని చేతిలో తువ్వాలలో చుట్టిన ఒక వస్తువు ఉంది. దాన్ని విప్పాడు. నున్నగా అరిగిపోయిన పాత నాడె.

“తెచ్చిన చెల్లె. మా దత్తాత్రి నాడె తెచ్చిన. గిదో, చేతుల వట్టుకో.”

కొండవ్వ దాన్ని చూసింది, అతన్ని చూసింది. “గిదేంది? కుక్క ఏదీ?”

“ఏ కుక్క?”

“నా కుక్క! నాడె!”

చెవిటి దుబ్బయ్యకు ‘పోతున్నది’లో ‘పోతున్న’ వరకే, అంటే ఆమే పోతున్నానంటున్నట్టు, వినబడింది. నాడె అనే మాట వింటే నేతగాడికి ఒకటే వస్తువు గుర్తొస్తుంది. మగ్గం మీద బతికిన మనిషి, పోయే ముందు మొగుడి నాడె అడుగుతోందనుకున్నాడు. గల్లీ అంతా తిరిగి చెప్పాడు. నాకు నవ్వాగలేదు. చెయ్యి కదిలి నా మిషను కూడా కూయడం మొదలుపెట్టింది.

“నవ్వకు సారు, సంపుత!” అని నన్ను కసిరి, ఏడుస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగింది. “నేనెందుకు పోత? మగ్గం మీద చీర సగమే అయింది. ఏడుపులు ఆపుండ్రి. వచ్చిన్రు గద, మంచిగైంది. అందరం కలిసి పోదాం. నాడె లేకుంటే శుక్రవారం నేను గీడికి రాను. సూది కాదు గద, దూది కూడ పెట్టనియ్య.”

ముస్తఫా ఆమె పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. “కొట్లాడాలంటే బలం గావాలె అవ్వా. ఇంకో ముప్పావుగంట కూసో. అయినంక ఆటో నేనే పిలుస్త.”

ఆమె కూర్చుంది. ఆ ముప్పావుగంట గోడ గడియారాన్ని తిట్టింది. తొమ్మిది మందీ వరండాలో నేల మీద కూర్చున్నారు. నేను మాత్రం నవ్వడం మానేశాను. శుక్రవారం రానని అన్న గొంతు నాకు తెలుసు. ఇంతకుముందు ఒకసారి మానేసిన మనిషి. ఒక్క వారం మానేస్తే మాకు ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. మూడో బెడ్డు మీద మనుషులు మారడం నేను రెండుసార్లు చూశాను. ఐదో బెడ్డు మీద ఇంకెవరో పడుకుంటే నేను నాలుగో బెడ్డు ఎక్కలేను. నాకు చాలా భయమేసింది. అందుకే సూదులు తీయగానే, చేతికి పట్టీతో, నేనూ ఆమె ఆటో ఎక్కాను; దుబ్బయ్య వాళ్లు వెనకాల వచ్చారు.

ఊరి బయట, పట్టిన కుక్కల్ని ఉంచే రేకుల షెడ్డు. ఇన్‌ఛార్జి పేరు శైలేందర్. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“వీధి కుక్క అయితే ఆపరేషన్ చేసి ఈన్నే ఉంచుతం. పెంచుకునేదంటే రుజువు గావాలె. మెడకు బెల్టు లేదు, కాయితం లేదు. లోపట ముప్పై ఉన్నయ్, అన్నీ గదే రంగు. మీది ఏదో ఎట్ల తెల్వాలె?”

కొండవ్వ ముందుకొచ్చింది. దుబ్బయ్య చేతిలోంచి దత్తాత్రి నాడె తీసుకుంది. జాలీ తలుపు ఇనుప చట్టం మీద రెండు దెబ్బలు కొట్టింది. టక్కు, టక్కు.

ముప్పై కుక్కలూ మొరుగుతూనే ఉన్నాయి. మూల నుంచి ఒక్కటి మాత్రం మొరగకుండా, మిగతావాటి కాళ్ల మధ్యలోంచి అటూ ఇటూ తప్పుకుంటూ వచ్చింది. కొండవ్వ ఎడమ చెయ్యి జాలీ మీద ఉంది. అది ఆ చెయ్యి వదిలేసి, ఆమె కుడి వైపుకు తిరిగి వచ్చి కూర్చుంది.

శైలేందర్ బల్ల సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. కుక్క పేరు: నాడె. యజమాని: కొండవ్వ. ఆ కింద ఒక వరుస దగ్గర కలం ఆగింది. ఆమె చేతి పట్టీని చూసి, గొంతు తగ్గించాడు.

“అమ్మా, నీకేమన్న అయితే దీన్ని ఎవరు సూసుకుంటరో గూడ రాయాలె.”

మూడేళ్ల కింద గోడకు ఆనుకుని ఆమె తనను తాను అడిగిన ప్రశ్నే ఇది. ఇప్పటికే తనను మోస్తున్న కూతురి మీద దీన్నీ వెయ్యలేక కొండవ్వ కుక్క వైపు తిరిగింది.

“నా పేరు రాయి,” అన్నాను. “రమాకాంత్, రిటైర్డ్ కండక్టర్.”

శైలేందర్ నా చేతి పట్టీని చూశాడు. మళ్లీ ఆమె పట్టీని చూశాడు. “సార్, మీక్కూడా...”

“గీయన నాకన్న ముందుగాలనే పోతడు!” అంది కొండవ్వ. అని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా నవ్వింది.

నాకు కోపం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు రూలు చెప్పి జనంతో కొట్లాడినవాణ్ణి. “రెండో మనిషి ఆరోగ్యంగ ఉండాల్నని ఈ కాయితంల యాడ రాసున్నది? సూపియ్యి.”

శైలేందర్ ఫారం ముందుకూ వెనక్కూ తిప్పాడు. ఎక్కడా లేదు. నా పేరు రాసి ముద్ర కొట్టాడు.

తలుపు తెరవగానే కొండవ్వ కుక్క కోసం నీళ్లు అడిగింది. బొక్కెనలో పెట్టారు. నాడె తల ముంచి లపలపా తాగింది, చాలాసేపు. ఎండ నెత్తి మీద ఉంది, నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మేమిద్దరం పక్కపక్కన నిలబడి విన్నాం. ఆమె నా ముఖం వైపు చూసి, “సల్లవడ్డదా?” అని అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు నాడె మెడలో చీర అంచులా నేసిన ఎర్ర పట్టీ ఉంది. ఆర్డరు ఆర్డరే కాబట్టి గేటు దగ్గర కూర్చోదు, రోడ్డుకు అవతల ఇస్త్రీ బండి కింద కూర్చుంటుంది. నేను దానికి బిస్కెట్లు పెట్టను. దాని పక్కన నిలబడి తింటాను, కొన్ని కిందపడతాయి. ఆ సగం చీర పూర్తయింది, ఇంకొకటి మగ్గమెక్కింది.

ఫారం నకలు నా చొక్కా జేబులో ఉంది. అందులో కొండవ్వ పేరు మొదటి వరుసలో, నా పేరు రెండో వరుసలో ఉన్నాయి. నన్ను మొదటి వరుసకు రానిచ్చే ఉద్దేశం ఆమెకు లేదు. అక్కడికి వెళ్లే ఉద్దేశం నాకూ లేదు.