ఆ నడక నాది కాదు

మీరు నన్నెరగరు కాబట్టి మీకే చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఈ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది. మోయడం ఇక నా వల్ల కావడం లేదు.

డెబ్బైలలో నాచారం స్టూడియోలో చిన్నాచితకా వేషాలు వేసేవాణ్ణి. శంకర్ కూడా అంతే. ఇద్దరిదీ ఉప్పల్, ఒకే నాటక సమాజం. వానలో కొడుకు శవాన్ని మోసుకెళ్లే తండ్రి వేషానికి ఇద్దరం వెళితే అతన్ని తీసుకుని, గడ్డం పెంచమన్నారు. నన్ను గుంపులో నిలబెట్టారు.

ఆ రోజు నుంచే నేనూ గడ్డం పెంచాను. అడిగినవాళ్లకు మొక్కు అన్నాను.

శంకర్ వానలో నడిచే దూరం షాట్లు అయ్యాయి, క్లోజప్పులు మిగిలాయి. ఈలోగా శంకర్ చెల్లెలి పెళ్లికని మౌలాలి వెళ్లాడు. వానలో అతికించిన గడ్డం నిలవదు, సొంత గడ్డం ముట్టుకోవద్దని చెప్పమని అసిస్టెంటు నన్ను పంపాడు.

పెళ్లింట్లో శంకరే అడిగాడు.

"అన్నా, పెండ్లిల గీ గడ్డమేందని అమ్మ ఒకటే లొల్లి. గీసుకుంటే నడుస్తదా? సినిమోళ్లు ఏమన్న జెప్పిన్రా?"

"ఏం జెప్పలే. గీస్కో. ఆడ అతికిస్తరు."

అంత తేలిగ్గా ఎలా అన్నాను? అప్పటికప్పుడు పుట్టిన అబద్ధమా, లేక గడ్డం పెంచడం మొదలుపెట్టిన నాటి నుంచి ఇలాంటి అవకాశం కోసమే కాచుకుని కూర్చున్నానా? పెళ్లి భోజనం మాత్రం కడుపునిండా తిన్నాను.

షూటింగ్ నాడు శంకర్ నున్నటి ముఖంతో, లడ్డూల పొట్లంతో వచ్చాడు. డైరెక్టర్ భగ్గుమన్నాడు. తీయొద్దని చెప్పలేదా అని అరిచాడు. శంకర్ నా వైపు తిరిగి నా గడ్డం చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అతను ఒక్క మాటంటే నా పని అయిపోయేది.

"నాదే తప్పు సార్. మర్శిపోయిన," అన్నాడు.

మధ్యాహ్నానికి అతని చొక్కా నా ఒంటి మీదుంది.

ఆ క్లోజప్పులే నాకు అన్నం పెట్టాయి. తండ్రి, తాత, గుమాస్తా వేషాలు వచ్చాయి, తర్వాత టీవీ సీరియళ్లు. శంకర్ మళ్లీ స్టూడియో గేటు తొక్కలేదు. ఉప్పల్‌లో ఎదురైతే "బాగున్నవా అన్నా" అనేవాడు. ఎందుకు కాపాడావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఒప్పుకోవాల్సి వస్తుందని భయం.

ఆ సినిమా టీవీలో వస్తే మనవరాలు మురిసిపోతుంది. "తాతా, వానల మస్తు నడిచినవ్!" అంటుంది. నేను నవ్వుతాను.

దూరంగా నడిచేది శంకర్. దగ్గరికొచ్చాక కనిపించే ముఖం నాది. మొక్కేమీ లేదు. ఆ గడ్డం అతని వేషం కోసం పెంచాను.