బయటికి తెరవాల్సిన తలుపు

మా డ్రాయింగ్ మాస్టారు పోయారు. పోయిన నెల, ఒక సోమవారం పొద్దున. ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, ఇలా చుట్టుపక్కల ఆయన చేత ఇంటి ప్లాను చూపించుకున్న వాళ్ళందరూ వచ్చారు. వచ్చిన వాళ్ళల్లో సగం మంది మాస్టారి భార్య, అమ్మగారితో ఒకటే మాట. "అదృష్టవంతుడండీ, మంచాన పడకుండా వెళ్ళిపోయాడు." మూడోసారి ఆ మాట విన్నాక నేను లేచి వాకిట్లోకి వచ్చేశాను. ఉండి ఉంటే ఎవర్నో ఒకర్ని కొట్టేవాణ్ణి. నేను కొట్టే మనిషిని కాదని ఊరందరికీ తెలుసు. చావింట్లో కూడా జోకులేస్తానని మా ఆవిడ నన్ను వెనక వరసలో కూర్చోబెడుతుంది. ఆ రోజు నాకు ఒక్కటీ రాలేదు. ఆయన అదృష్టం కొద్దీ పోలేదు. ఒక తలుపు వల్ల పోయారు. ఆ తలుపు పెట్టించింది నేను.

హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్నాను. మామూలుగా డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారు వచ్చి వాడేసుకునే పీరియడ్. ఈయన ఇచ్చేవారు కాదు. మామిడికాయ గీయమనేవారు. మేం గీసి చూపిస్తే, "ఇది ఏ కాయరా? బంగినపల్లా, కలెక్టరా, రసమా? తోటల్లో పుట్టి పెరిగి కేలండర్లో కాయ గీస్తావేంటి?" అని తిప్పి పంపేవారు. నాకు గీయడం రాలేదు. కాయని చూడటం మాత్రం వచ్చింది.

రిటైరయ్యాక జనం ఆయన దగ్గరికి ప్లాన్లు తేవడం మొదలుపెట్టారు. పర్మిషన్‌కి పెట్టేముందు మాస్టారికి ఒకసారి చూపించాలి, అంతే. ఆయనకి స్కేలు, టేపు అక్కర్లేదు. ఒక పాత బిస్కెట్ డబ్బా నిండా చింతపిక్కలు ఉండేవి. ప్లాను నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టేవారు. "ఇంట్లో ఎంతమందండీ?" అని అడిగి అన్ని పిక్కలు తీసేవారు. "ఇది మీరు, ఇది మీ ఆవిడ, ఇది మీ నాన్నగారు. తెల్లారింది. లేవండి." ఆ పిక్కల్ని ఇల్లంతా తిప్పించేవారు. మంచం దగ్గర్నుంచి బాత్రూంకి, అక్కణ్ణుంచి వంటింట్లోకి, మళ్ళీ వాకిట్లోకి. "ప్లానంటే గోడలు కాదండీ. రేపు పొద్దున" అనేవారు.

ఒకసారి చాట్రాయి నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. నాలుగు బెడ్రూముల ఇల్లు, రంగుల కాగితం మీద ప్రింటు. మాస్టారు తండ్రి పిక్కని లేపి బాత్రూంకి నడిపించారు. దారి కొత్తకోడలి గదిలోంచి ఉంది. "ఏమ్మా కోడలా, కాస్త లేమ్మా, మావగారొస్తున్నారు" అన్నారు పిక్కతో. కొడుకు సిగ్గుతో చచ్చిపోయాడు. రెడ్డిగూడెం తోటాయన ప్లానైతే ఇంకా అన్యాయం. "నలభై ఎకరాల తోట, ఇంట్లో గడ్డేసి కాయ మాగేసుకోవడానికి జానెడు చోటు లేదు. ఎక్కడ పెడతావయ్యా, సోఫాలోనా?"

అన్నిటికంటే ఎక్కువ కోప్పడేది బాత్రూం తలుపు దగ్గర. ప్లాన్లో తలుపుని పావు గుండ్రంగా గీస్తారు కదా, ఎటు తెరుచుకునేదీ దాన్నిబట్టి తెలుస్తుంది. అది లోపలికి ఉంటే ఎర్ర పెన్సిల్ తీసి కొట్టేసి బయటికి గీసేవారు. "లోపల మనిషి పడితే తలుపుకి అడ్డంగా పడతాడు. ఆపైన ఎవరు వచ్చినా తలుపు అతని మీదకే తొయ్యాలి." ఎన్ని ప్లాన్ల మీద ఆ ఎర్ర గీత ఉందో నాకు తెలీదు. చాలా ఇళ్ళల్లో ఉంది. ఆయన ఇంట్లో తప్ప.

మూడేళ్ళ కిందట ఆయన పాత ఇల్లు తీసేసి చిన్నది కట్టుకున్నారు. దగ్గరుండి కట్టించింది నేను. గుమ్మాలు నిలబెట్టే వారం ఆయన కంటి ఆపరేషన్‌కి బెజవాడలో ఉన్నారు. బాత్రూం పక్కనే ఫ్రిజ్‌కి ప్లగ్ పాయింట్ వచ్చింది. తలుపు బయటికి తీస్తే ఫ్రిజ్‌కి తగులుతుంది. మేస్త్రి అడిగాడు. "లోపలికి పెట్టెయ్" అన్నాను. మంచి టేకు తలుపు, ఏనుగు తన్నినా పగలదని గొప్పలు కూడా పోయాను.

మాస్టారు కంటికి నల్లద్దాలతో వచ్చి, తలుపుని ఒకసారి లోపలికి తోసి, ఒకసారి లాగి చూశారు. "ఒరేయ్, ఇది తప్పు."

"మీరు గాలొస్తే ఎగిరిపోయే మనిషి మాస్టారూ. మీరు పడితే తలుపు ఆగుతుందా?" అన్నాను. ఆయన నవ్వారు. అమ్మగారూ నవ్వారు. మామిడి సీజనయ్యాక మార్పిస్తానన్నాను. అప్పట్నుంచి మూడు సీజన్లయ్యాయి.

ఆయన పోవడానికి పదిరోజుల ముందు మేం కట్టుకోబోయే ఇంటి ప్లాను పట్టుకెళ్ళాను. అందరికంటే పెద్ద పిక్క తీసి, "ఇది మీ అమ్మ. లేపు" అన్నారు. నేను గబగబా జరిపాను. "అంత పరుగెత్తదురా, మోకాళ్ళ నొప్పులు కదా ఆవిడకి." నెమ్మదిగా జరిపాను. బాత్రూంలోకి రాగానే ఆయన వేలితో పిక్కని తలుపు దగ్గరికి నెట్టారు. "పడిపోయింది. ఇప్పుడు నువ్వు రా. ఎటు తీస్తావు?"

"మీ తలుపు లోపలికేగా మాస్టారూ?"

"అది నా స్టూడెంటు పెట్టించాడు. వాడికి మొదట్నుంచీ మార్కులు తక్కువ."

ఎర్ర పెన్సిల్‌తో గీసిచ్చారు. దాన్ని ఇంజనీరు కుర్రాడికి చూపిస్తే, "బయటికి తీస్తే డైనింగ్ టేబుల్‌కి తగులుద్ది అంకుల్, లుక్ పోద్ది. పర్మిషన్‌కి ఇలాగే పెట్టేద్దాం, కట్టేటప్పుడు చూసుకోవచ్చు" అన్నాడు. నేను సరే అన్నాను. మళ్ళీ. అతని చెల్లెలి పెళ్ళి ఉండబట్టి గాని, ఆ వారమే పెట్టేసేవాళ్ళం.

ఆ సోమవారం, మాస్టారు బాత్రూంలో పడిపోయారని అమ్మగారు ఫోన్ చేస్తే పరుగెత్తాను. గడియ కూడా పెట్టుకోలేదాయన. తెరిచే ఉన్న తలుపు తెరవలేకపోయాం. గాలొస్తే ఎగిరిపోయే మనిషి, ఆ తలుపుకి అడ్డంగా పడితే నాలుగు వేళ్ళు పట్టేంత సందు కూడా రాలేదు. భుజంతో ఒక్క తోపు తోశాను.

"మెల్లగారా, నా కాలుంది" అన్నారు లోపల్నుంచి.

"మాస్టారూ, కొంచెం జరగగలరా?"

"జరగగలిగితే లేచేవాణ్ణి కదరా." క్లాసులో అడిగినట్టే అడిగారు. "ఎటు తీయాలి తలుపు?"

"బయటికి మాస్టారూ."

"ఊఁ" అన్నారు.

ఆ తర్వాత మాట్లాడలేదు. పక్కింటి వాళ్ళు గునపం తెచ్చారు. విప్పుదామంటే బందులు లోపలివైపు ఉన్నాయి. నేను పెట్టించిన టేకు నేను చెప్పినట్టే ఆగింది. చెక్క చీల్చి, ఆయన్ని బయటికి తీసి, నూజివీడు తీసుకెళ్ళేసరికి పొద్దెక్కింది. డాక్టరు నాడి చూసి, "ఇంకొంచెం ముందు తేవాల్సింది" అన్నాడు. డాక్టర్ని ఏమనను? ఆ ఇంకొంచెం తలుపు దగ్గర పోగొట్టింది నేను.

నాకు ఆయన మీదా కోపముంది. మండలం మొత్తాన్ని తిట్టి దిద్దించిన మనిషి, నన్నెందుకు తిట్టలేదు? పెద్దకర్మ అయ్యాక అమ్మగారిని అడిగేశాను. "తలుపు మార్చమని నిన్ను అడుగుదామని నేనూ అన్నానయ్యా. 'వాడు అంత ఇదిగా దగ్గరుండి కట్టించాడు, పోన్లే, నొచ్చుకుంటాడు' అన్నారు" అందావిడ. నన్ను నొప్పించకూడదట! పదో క్లాసులో నా మామిడికాయని ఏడుసార్లు తిప్పి పంపిన మనిషికి ఈ మర్యాద ఎప్పుడొచ్చింది?

ఇంజనీరు ఫోన్ చేశాడు, ప్లాను పెట్టేద్దామా అంకుల్ అని. తలుపు మార్చి గీస్తేనే సంతకం పెడతానన్నాను. మళ్ళీ లుక్ అన్నాడు. అతని జన్మలో వినని తిట్లు విన్నాడు. పాపం, అవన్నీ అతనివి కావు. సాయంత్రానికి కొత్త ప్లాను పంపాడు. మా అమ్మ గది పక్కన ఆ పావు గుండ్రం బయటికి తిరిగి ఉంది.

మొన్న వడ్రంగిని తీసుకుని మాస్టారి ఇంటికెళ్ళాను. పగిలిన తలుపు తీసేశాక అక్కడ అమ్మగారి పాత చీర ఒకటి వేలాడుతోంది. గుమ్మం తిప్పి బిగించాలంటే ముందు ఫ్రిజ్ జరపాలి. నేనూ వడ్రంగీ చెరోవైపు పట్టుకుని ఎదురు గోడకి జరిపాం. ఒక తీగ లాగి అక్కడికి ప్లగ్ ఇచ్చాం. అమ్మగారు ఇచ్చిన టీ చల్లారకముందే అయిపోయింది. మూడేళ్ళు నేను వాయిదా వేసిన పని అది.

మధ్యాహ్నానికి తలుపు పెట్టాం. వడ్రంగి వెళ్ళిపోయాక నేనొక్కణ్ణే దాన్ని తీసి, వేసి, మళ్ళీ తీశాను. ఫ్రిజ్ ఉన్నచోట తడిగుడ్డ తగలక నేల మీద నల్లటి చదరం ఒకటి మిగిలింది. తలుపు దాని మీదుగా, దేనికీ తగలకుండా, చివరిదాకా తెరుచుకుంటోంది.