భోజనం పెట్టకుండా పంపిన మనిషి

పన్నెండేళ్ళుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. పోలీసులకి పనికొచ్చే నేరం కాదు. అయినా బరువే. అది మోస్తూనే ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను, మనవరాలికి బారసాల చేశాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీ ముఖం నాకు తెలియదు. వింటున్నప్పుడు మీ ముఖంలో ఏం మారుతుందో చూడక్కర్లేదు. పిరికితనమే, ఒప్పుకుంటాను.

బిలాస్‌పూర్‌లో తెలుగు ఉద్యోగస్తులం పన్నెండు మందిమి నెలకోసారి కలుస్తాం. బొగ్గు కంపెనీ, కరెంటు, బ్యాంకు, కోర్టు, ఆస్పత్రి. ఒకరింట్లో భోజనం, ఇంకొకరి ప్రసంగం, ఆపైన చర్చ. నిజం చెప్పాలంటే గుత్తివంకాయ మీద జరిగినంత చర్చ ఇంకే విషయం మీదా జరిగేది కాదు. నేను బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద ఇక్కడికి వచ్చినప్పుడు నన్నూ చేర్చుకున్నారు.

నేను వెళ్ళిన మొదటి రోజే ఎవరో రైల్వే కాలనీ తెలుగుని అనుకరించి నవ్వించారు. ప్రతి మాటకీ ముందు ఒక "ఏటి" తగిలించి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే పక్కావిడ మీదే ఊరని అడిగింది. రాజమండ్రి అన్నాను. అది మా ఆయన ఊరు. పెళ్ళయిన ఆడదానికి అత్తవారి ఊరే ఊరు కదా, అబద్ధం ఎలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, ఆ రోజు సభ జరిగిన ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో, లోకో షెడ్ వెనక క్వార్టర్లో. మా నాన్న షెడ్‌లో ఖలాసీ. ఇంజన్ల కింద దూరి బూడిద లాగడం ఆయన పని. ఆ పని గురించి సిగ్గుపడ్డానా? అప్పుడు అడిగి ఉంటే లేదనే చెప్పేదాన్ని.

మా సభలో కొత్తవాళ్ళని చేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మూడు నెలలు అతిథిగా రావాలి, ఒక ప్రసంగం చెయ్యాలి. ఆ మూడు నెలలూ టీ తాగి వెళ్ళిపోవాలి తప్ప మాతో భోజనానికి కూర్చోకూడదు. నాలుగో నెల వోటు. ఇత్తడి చెంబు ఒకటి చేతులు మారుతుంది. సరే అనేవాళ్ళు శనగగింజ వేస్తారు, వద్దనేవాళ్ళు మినపగింజ. ఒక్క మినపగింజ ఉన్నా ఆ మనిషిని తీసుకోరు. ఎవరు వేశారని అడగరు. కలిసి అన్నం తిన్నాక ఎవరినీ కాదనలేమని, వోటు భోజనానికి ముందే ఉండాలని మా అధ్యక్షులు కంటి డాక్టరు గారు పెట్టిన నియమం అది.

ఆ డాక్టరు గారే సింహాచలం గారిని తీసుకొచ్చారు. గూడ్సు బళ్ళ డ్రైవరుగా మొదలుపెట్టి, డ్యూటీల మధ్య చదువుకుని పరీక్షలు రాసి, డ్రైవర్లకి పాఠాలు చెప్పే ఇన్‌స్పెక్టరు అయిన మనిషి. మా దగ్గర బ్రేకు గురించి మాట్లాడారు. బొగ్గుతో నిండిన బండి ఆగాలంటే డ్రైవరు ఎంత ముందుగా నిర్ణయించుకోవాలో చెప్పారు. ఆ రోజు గుత్తివంకాయ ఎవరికీ గుర్తు రాలేదు. బొగ్గు కంపెనీ ఇంజనీరు ప్రసాదరావు గారు మాత్రం లేచి, బొగ్గు బళ్ళు ఆలస్యం కావడానికి మీ డ్రైవర్లే కారణమని గట్టిగా వాదించారు. మాటా మాటా పెరిగింది. డాక్టరు గారు టీ తెప్పించి చల్లార్చారు.

ఆ టీ దగ్గరే, వరండా చివర, సింహాచలం గారు నా పక్కకి వచ్చారు.

"ఏటి పాపా, నన్ను పోల్చలేదా? మీ పక్క క్వార్టర్. మీ నాన్న, మా అయ్య ఒక్క షెడ్‌లోనే డూటీ."

నేను గుర్తుపట్టి అప్పటికి గంటయింది. మా అమ్మ టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో ఉన్న నెల రోజులూ నాకు అన్నం పెట్టింది వాళ్ళమ్మే. పెద్ద ముద్ద నాకు, చిన్న ముద్ద ఇతనికి.

"మీరెవరినో చూసి నేననుకుంటున్నారు. మాది రాజమండ్రి వైపండి," అన్నాను.

ఆయన నా వంక చూశారు. కోపంగా కాదు. జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు చూశారు.

"అచ్ఛా," అన్నారు. టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, "అలాగేనండి. నాను ఎవులికీ సెప్పన్లెండి," అన్నారు.

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన నన్ను పాపా అని పిలవలేదు.

నాలుగో నెల సమావేశం మా ఇంట్లో. పులిహోర, ముద్దపప్పు, పాయసం అన్నీ నేనే వండాను. సింహాచలం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పద్ధతి ప్రకారం వరండాలో కూర్చున్నారు. లోపల చెంబు నా దాకా వచ్చింది. రెండు గింజలూ నా గుప్పిట్లో ఉన్నాయి. ఆయన ఎవరికైనా చెబుతారని భయపడ్డానా? లేదు. చెప్పరని తెలుసు, ఆ మనిషి మాట అంటే మాటే. ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూసుకుంటే నాకు కనిపించేది ఒకటే. నెలకోసారి నా ఎదురుగా కూర్చుని, అన్నీ తెలిసి, ఏమీ అనకుండా, నా మీద జాలిపడుతూ ఆయన పప్పన్నం తినడం నేను భరించలేకపోయాను. మినపగింజ వేశాను. మిగిలిన శనగగింజ నోట్లో వేసుకుని మింగేశాను.

డాక్టరు గారు చెంబు పళ్ళెంలో వంచారు. శనగల మధ్య నల్లగా ఒక్కటే గింజ. ఆయనే వరండాలోకి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది. పాయసం వాసన బయటికి వెళ్ళే ఉంటుంది. సింహాచలం గారు చెప్పులు వేసుకుని, గేటు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయారు. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టిన తల్లి కొడుకుని నా గుమ్మంలోంచి ఖాళీ కడుపుతో పంపాను. పంపి, లోపలికి వచ్చి అందరికీ వడ్డించాను. పులిహోర బాగుందన్నారు.

తప్పు అక్కడితో ఆగినా బాగుండేది. అడగకూడదన్నది నియమమే గానీ అనుమానానికి నియమం ఏముంది? వాదించింది ప్రసాదరావు గారు కనుక, వేసింది కూడా ఆయనే అనుకున్నారు అందరూ. డాక్టరు గారూ ఆయనా ఇరవై ఏళ్ళ స్నేహితులు, రోజూ పొద్దున్నే కలిసి నడిచేవారు. ఆ నడక ఆగిపోయింది. నేను కాదు, నా పిల్లల మీద ఒట్టు అని ప్రసాదరావు గారు నిండు సభలో అన్నారు. నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. తల వంచుకుని కూర్చున్నాను. ఆర్నెల్లకి ఆయన రావడం మానేశారు, రిటైరయ్యాక నాగపూర్ వెళ్ళిపోయారు. డాక్టరు గారు రెండేళ్ళ కిందట పోయారు. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఒక్క వాక్యం చెబితే మాట్లాడుకునేవారు. ఆ వాక్యం నా దగ్గరే ఉంది.

సింహాచలం గారు ఈ ఊళ్ళోనే, సిర్గిట్టి వైపు ఉంటున్నారు. బజారులో కనబడితే చెయ్యెత్తి, "నమస్కారమండి," అంటారు. ఎవరు వేశారో ఆయనకి ఆ రోజే తెలిసిపోయి ఉంటుంది. ఆయనకి నేను కొత్తగా చెప్పగలిగేది లేదు. క్షమించమని అడగొచ్చు. అడిగితే క్షమించేస్తారు, అదే నాకు భయం. అంత సులువుగా పోవాల్సిన తప్పు కాదిది.

మా సభకి ఒక పుస్తకం ఉంది. ప్రతి నెలా ఏం జరిగిందో ఎవరో ఒకరు రాస్తారు, తర్వాతి నెల అందరిలోకీ చిన్నవాళ్ళు పైకి చదువుతారు. ఈసారి రాసే వంతు నాది. ఇవాళ పొద్దున్న కూర్చుని రాశాను. పోయిన నెల ప్రసంగం, ఎవరింట్లో భోజనం, అన్నీ రాసి, దాని కింద ఇది కూడా రాశాను. సింహాచలం గారిని వద్దన్నది నేను. ప్రసాదరావు గారు కాదు. నేను షెడ్ ఖలాసీ కూతుర్ని, ఆయనకి ఆ సంగతి తెలుసు, అందుకే వద్దన్నాను. కింద సంతకం పెట్టాను. ఒళ్ళు తేలికపడింది. ఆ తేలికకి నాకు హక్కు ఉందా? ఏమో. తేలికగా మాత్రం ఉంది.

చదవాల్సింది కరెంటు ఆఫీసులో పనిచేసే అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది. నా తప్పుని ఆ పిల్ల నోట ముక్కలు ముక్కలుగా పలికించడం న్యాయం కాదు. రేపు సాయంత్రం పుస్తకం నా చేతికి ఇమ్మని అడుగుతాను. నేనే నిలబడి చదువుతాను, మా నాన్న పేరుతో సహా.