మంచు మీద ఎస్తేరు కుడి మోకాలు

2024 నవంబరు. ఖరగ్‌పూర్ ఇందా బజారులో నా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లయింది. రెండు మంచాలు, ఒక నిలువుటద్దం, నున్నటి ఎర్ర సిమెంటు నేల, బయట రోజంతా ఆటోల హారన్లు. రైల్వే ఊరు కదా, నా దగ్గరికి వచ్చే నడుముల్లో, మోకాళ్లలో సగం రైలు పని అరగదీసినవే. మా నాన్న కూడా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసినవాడే. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా భయపెట్టిన కేసు మాత్రం రైలుది కాదు, మంచుది.

ఎస్తేరు అసిస్టెంట్ లోకో పైలట్. అంటే ఇంజిన్ నడిపే మనిషి పక్కనే ఉండి, వచ్చే ప్రతి సిగ్నల్‌నీ చూసి పైకి చెప్పాల్సిన మనిషి. వయసు ముప్పై లోపే. తండ్రి లేడు, తల్లి మరియమ్మగారితో ఈ ఊళ్లోనే తాల్‌బగీచాలో ఉంటుంది. ఏడాదిన్నర క్రితం, ఇక్కడ కాల్‌బైశాఖి అనే వేసవి గాలివానలో నిమ్‌పురా యార్డులో ఇంజిన్ దిగుతూ తడి కంకర మీద జారింది. కుడి మోకాలిలో ఏసీఎల్ తెగింది. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ లోపల పట్టి ఉంచే తాడులాంటి లిగమెంటు అది. కలకత్తాలో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత తొమ్మిది నెలలు నా దగ్గరికి వచ్చింది. రైల్వే డాక్టర్లు పరీక్షించి ఫిట్ అన్నాక మళ్లీ ఇంజిన్ ఎక్కింది. నా లెక్కలో ఆ కేసు ముగిసిపోయింది.

ఆ నవంబరు సాయంత్రం ఆమె నొప్పితో రాలేదు, ఫోన్‌లో ఒక వీడియోతో వచ్చింది.

"ఆంటీ, ఇది సూడండి. మొన్న మార్చి ఆఖర్లో మా బ్యాచ్ వాళ్లతో హిమాచల్ ఎల్లినాం గదా, అప్పుడు తీసినాను."

తెల్లటి వాలు మీద ఒకాయన కిందికి వస్తున్నాడు. ప్రతి మలుపులోనూ ఒక మోకాలు మంచుకి తగిలేంత దాకా వంగుతున్నాడు, లేస్తున్నాడు, రెండో మోకాలు వంచుతున్నాడు. తొందర లేదు. కొండకి దణ్ణం పెట్టుకుంటూ దిగుతున్నట్టుంది.

"దీన్ని టెలిమార్క్ అంతారు. మామూలు స్కీలో బూటు ముందూ ఎనకా బిగించేస్తారు. ఇందులో వేళ్ల కాడే పట్టు, మడం ఖాళీ. ఆ చెక్కల కింద పట్టీ అంటించుకుంటే కొండ ఎక్కిపోవచ్చంట కూడా. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి ఈయన వారం రోజుల క్లాసు పెడతాడు. ఫిబ్రవరిలో ఎల్తాను."

"మామూలు స్కీ చాలదా? ఇదే ఎందుకు?"

ఆమె వీడియో ఆపింది. "మోకాలు వొంగకుండా ఎలా నడవాలా అనే ఏడాదిన్నర నుంచీ బతుకుతున్నాను ఆంటీ. వీళ్లు వొంచడాన్నే ఆట కింద పెట్టుకున్నారు. అందుకు."

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియో దగ్గర నుంచి ఉత్తరం తేవాలని ఆ శిక్షకుడు చెప్పాడట. అది నేను రాయాలి. వారం తర్వాత పరీక్ష చేస్తానని పంపించాను. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ లిగమెంటు మళ్లీ తెగితే ఆట ఒక్కటే పోదు. ఇంజిన్ ఎక్కేవాళ్ల శరీరం ఆ పనికి చాలదని తేలితే వేరే పనికి మార్చేస్తారు. మెడికల్ డీకేటగరైజేషన్ అంటారు దాన్ని. ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం పోయి, ఏదో ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చోవాలి.

పరీక్షకి ముందురోజు మరియమ్మగారు ఒక్కరే వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"డాక్టరమ్మా, నాను సెప్తే ఇనదు. నువ్వు సెప్తే ఇంతాది. కాలు ఇంకా కుదర్నేదని ఒక్క మాట సెప్పీ. నీకేటి పోతాది?"

"అలా అబద్ధం ఎలా చెప్తానండీ?"

"కాలిరిగొస్తే నువ్వు కట్టు కడతావు. దాని నౌకరీ పోతే ఎవులు కడతారు?"

నా మనసులో ఉన్న మాటే ఆవిడ పైకి అన్నారు.

మర్నాడు ఎస్తేరుకి హాప్ టెస్ట్ చేశాను. ఒంటి కాలితో ముందుకి గెంతాలి. రెండు కాళ్లూ వెళ్లిన దూరాన్ని పోల్చి చూస్తాం. ఆపరేషన్ అయిన కాలు రెండో దానికి దగ్గరగా వస్తే మంచిదే. ఆమె కుడికాలు చాలా దగ్గరగా వచ్చింది. టేపు చుడుతూ, ఆమె మొహం చూడకుండా అన్నాను: "ఇంకా బలం రాలేదమ్మా. ఈ ఏడాదికి వద్దు."

వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. "మీరు సెప్పినారంటే అంతే ఆంటీ," అని బూట్లు వేసుకుని వెళ్లిపోయింది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంది. లోపలికి వచ్చినప్పుడు పట్టుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒకటి అడగాల. నా కాలు మంచు మీదకి పనికిరాకపోతే ఇంజిన్ మీదకి ఎలా పనికొస్తాది? నిన్న దిగుతుంటే వొణుకొచ్చేసింది. దాదా సెయ్యి పట్టి దించినాడు. ఇది దాచిపెట్టి డ్యూటీ సెయ్యడం తప్పు గదా? రేపు ఆఫీసుకి ఎల్లి నా కాలు బాగో నేదని నానే రాసిచ్చేస్తాను."

దాదా అంటే ఆమె పక్కన ఇంజిన్ నడిపే లోకో పైలట్. ఆ ఉద్యోగం పోకూడదని చెప్పిన మాట, ఇప్పుడు ఆమె చేతే ఆ ఉద్యోగాన్ని వదిలించబోతోంది. బాగున్న కాలిని నేను ఒక్క వాక్యంతో కుంటిదాన్ని చేశాను.

"ఎస్తేరూ, ఏమీ రాయకు. ముందు ఇక్కడికి రా. ఇప్పుడే."

వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి, నేను ఎదురుగా స్టూల్ మీద కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లలో ఒక రోగి ముందు అంత కష్టంగా నోరు తెరిచింది లేదు.

"నీ కాలు బాగుంది. ఆ రోజు కూడా బాగుంది. నేను అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

తల్లి మీదకి తోసేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "నాకు భయమేసింది," అన్నాను.

ఆమె తన కుడి మోకాలి వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా, "నాలుగు రోజులు నా కాలు నాది కానట్టు తిరిగినాను ఆంటీ," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేదేమో.

"మళ్లీ పరీక్ష సెయ్యండి," అంది చివరికి. "ఈసారి టేపు నాను పట్టుకుంతాను."

ఆ రోజు గెంతులతో ఆపలేదు. ఆ వీడియోలో ఆయన చేసిన వంగడమే చేయించాను. ఒక కాలు ముందుకి, రెండోది వెనక్కి, వెనక మడమ పైకి, బరువు రెండు కాళ్ల మీదా. ఎడమకాలు వెనక ఉన్నప్పుడు చక్కగా చేసింది. కుడికాలు వెనక్కి వెళ్లగానే శరీరమంతా ముందుకాలి మీదకి జారిపోయింది. పదిసార్లు చేయిస్తే పదిసార్లూ అంతే. కండ బలంలో లోపం లేదు. ఆ మోకాలిని ఆమె నమ్మడం లేదు. అది నా మాట వల్ల కొత్తగా వచ్చింది కూడా కాదు. ఇంజిన్ దిగేటప్పుడు ఎప్పుడూ కుడికాలే ముందు దించుతున్నానని అప్పుడు తనే గుర్తు చేసుకుంది. తొమ్మిది నెలలు చూసిన నేను అది పట్టుకోలేకపోయాను.

డిసెంబరు, జనవరి రెండు నెలలూ డ్యూటీ లేని సాయంత్రాలు వచ్చింది. మేజోళ్ల కింద గుడ్డ ముక్కలు వేసుకుని నా సిమెంటు నేల మీద జారేది. ఒక మోకాలు వంచి జారడం, లేవడం, కాళ్లు మార్చడం. బెంగాలీ పేషెంట్లు తమ వ్యాయామం ఆపి మరీ చూసేవాళ్లు. మెడనొప్పికి వచ్చే ఒక మాష్టారైతే, "దీదీ, ఇది నాట్యమా, వైద్యమా?" అని అడిగారు. జనవరి చివరికి కుడి మోకాలు వెనక ఉన్నా బరువు నిలిచింది. ఉత్తరం రాశాను. సంతకం పెట్టి ఆమె చేతికే ఇచ్చాను.

మరియమ్మగారికి నేనే వెళ్లి చెప్పాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబెట్టి విన్నారు. "నీ పిల్లయితే రాసుందువా?" అని ఒకటే అడిగారు. నాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తిరిగి వచ్చేశాను.

ఆ ఫిబ్రవరి వారం నేను చేసిన పనిలో మనసు లేదు. మొదటి రోజు ఫోటో వచ్చింది: మంచులో పిరుదుల మీద కూర్చుని నవ్వుతోంది. రెండో రోజు, "ఇరవైసార్లు పడినాను, కాలు ఠీక్ హై," అని మెసేజ్. మూడో రోజు ఏమీ రాలేదు. నాలుగో రోజూ రాలేదు. మంచు పడితే అక్కడ సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసినా, ఎవరి మోకాలు పట్టుకున్నా నాకు ఎస్తేరు మోకాలే కనిపించింది. నాలుగో రోజు సాయంత్రం మరియమ్మగారు వచ్చి క్లినిక్ బెంచీ మీద కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. తాగలేదు.

ఏడు గంటలకి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"ఆంటీ, దెబ్బ తగిలింది."

మరియమ్మగారు లేచి నిలబడ్డారు.

"మోకాలా?"

"కాదాంటీ, బొటనవేలు! ఎడం సేతిది. స్కీ కర్ర పట్టుకునే పడినాను. కట్టు కట్టినారు. మోకాలికేటీ అవనేదు. ఇనండి, కుడికాలు ఎనక పెట్టి మలుపు తిరిగినాను! మూడు తిరిగినాను! మూడోదానికి పడిపోయినాననుకోండి."

మరియమ్మగారు ఫోన్ లాక్కుని కూతుర్ని తిట్టారు, ఏడ్చారు, మళ్లీ తిట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "మోకాలికి కాయితం రాసినావు గానీ బొటనేలికి రాయనేదు గదా, డాక్టరమ్మా," అన్నారు. అది కోపమో, క్షమాపణో ఇప్పటికీ తెలియదు. చల్లారిన టీ మాత్రం తాగి వెళ్లారు.

ఆ వేలి వల్ల ఎస్తేరు నెల రోజులకి పైగా డ్యూటీకి వెళ్లలేదు. ఆ వేలికీ నేనే వ్యాయామాలు చేయించాను. ఇప్పుడు మళ్లీ ఇంజిన్ మీదే ఉంది. వచ్చే చలికాలానికి సెలవు అడిగిందట.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఆ కేసు ఏం నేర్పిందని అడిగితే నేను మోకాలి గురించి చెప్పను. మా మాటకి మేము అనుకునే దానికంటే బరువెక్కువ. "నీ కాలు బాగోలేదు" అంటే రోగి ఆ మాటని ఇంటికి పట్టుకెళ్లి దాని మీదే నడుస్తాడు. భయపడటం తప్పు కాదు. నేను ఇప్పటికీ భయపడతాను. కాకపోతే దాన్ని పరీక్ష ఫలితంలో కలిపి రాయను. విడిగా, పైకే చెప్తాను: "నీ కాలు బాగుంది. భయం నాది."